తెలుగు పరిశోధనలో ఆకరాల సూచన: ముద్రిత, అంతర్జాల మూలాలకు పాటించవలసిన పద్ధతి

వ్యాససంగ్రహం:

పరిశోధన వ్యాసంలో ఒక అభిప్రాయాన్ని గాని, సమాచారాన్ని గాని ఉపయోగించుకున్నప్పుడు దాని మూలాన్ని స్పష్టంగా చూపడం పరిశోధకుని ప్రాథమిక బాధ్యత. తెలుగులో వెలువడుతున్న సిద్ధాంతగ్రంథాలలోనూ, వ్యాసాలలోనూ ఈ విషయంలో ఏకరూపత తక్కువ. ఆంగ్లంలో రూపొందిన శైలీ నియమాలను ఉన్నవి ఉన్నట్లు అన్వయించడం వల్ల తెలుగు పేర్లు, ప్రాచీన కావ్యాలు, తెలుగు సంవత్సరాలు, పాత పత్రికలు వంటి చోట్ల చిక్కులు ఏర్పడుతున్నాయి. అంతర్జాల ఆకరాల వాడుక పెరిగిన తరువాత ఈ చిక్కులు మరింత ఎక్కువయ్యాయి. ముద్రిత, అంతర్జాల ఆకరాలను సూచించవలసిన తీరును తెలుగు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆకరం, ఉటంకింపు, పాదసూచిక, ఉపయుక్త గ్రంథసూచి, గ్రంథచౌర్యం, అంతర్జాల ఆకరాలు.

1. ఉపోద్ఘాతం:

నా పిహెచ్.డి. మౌఖిక పరీక్షలో ఎదురైన ఒక ప్రశ్నతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను. సిద్ధాంతగ్రంథంలో ఒక ప్రసిద్ధ విమర్శకుని అభిప్రాయంగా నేను ఒక వాక్యాన్ని ఉటంకించాను. దాని కింద గ్రంథం పేరు, పుటసంఖ్య ఇచ్చాను. పరీక్షకులు ఆ గ్రంథాన్ని వెంట తెచ్చుకున్నారు. నేను ఇచ్చిన పుట తెరిచి చూపించారు. ఆ పుటలో ఆ వాక్యం లేదు. కొన్ని పుటల తరువాత ఉంది. అయితే అది ఆ విమర్శకుని అభిప్రాయం కాదు. ఇతరుల వాదాన్ని పూర్వపక్షంగా చెప్పి, తరువాతి పేరాలో ఆయన ఖండించిన వాక్యం. నేను మూలగ్రంథం చూడలేదు. అంతకుముందు వచ్చిన మరొక సిద్ధాంతగ్రంథం నుంచి ఆ వాక్యాన్నీ, ఆ పుటసంఖ్యనూ కలిపి తీసుకున్నాను. పుటసంఖ్య వేరే ముద్రణకు చెందినది. భావం పూర్తిగా తారుమారైంది.

ఆనాడు పరీక్షకులు సవరణ సూచించి నన్ను మన్నించారు. కానీ ఒక విమర్శకుడు జీవితకాలం వ్యతిరేకించిన మాటను ఆయన నోట పెట్టిన తప్పు మాత్రం చిన్నది కాదు. అది నాతో ఆగి ఉండేది కూడా కాదు. నా గ్రంథం చూసి మరొకరు, వారిని చూసి ఇంకొకరు అదే రాసి ఉండేవారు. ఆకరాల సూచన కేవలం చివరి పుటల్లో చేసే లాంఛనం కాదని, పరిశోధన సత్యాసత్యాలు దానిపైనే ఆధారపడి ఉంటాయని నాకు అప్పుడు అర్థమైంది.

మూలం లేని మాట రాయకూడదన్న నియమం మనకు కొత్తది కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రచించిన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది ఏదీ రాయనని వ్యాఖ్యానారంభంలోనే ప్రతిజ్ఞ చేశాడు. తాను చూసిన కోశాన్నీ, శాస్త్రగ్రంథాన్నీ పేరుతో పేర్కొంటూ అర్థం చెప్పడం ఆయన పద్ధతి. నేటి పాదసూచిక చేసే పని కూడా అదే.

2. ఆకరాలను ఎందుకు సూచించాలి?

ఆకరసూచనకు మూడు ప్రయోజనాలున్నాయి. మొదటిది రుణాన్ని అంగీకరించడం: ఒక భావం ఎవరిదో వారికి ఆ గౌరవం దక్కాలి. రెండవది పరిశీలనకు అవకాశం కల్పించడం: పాఠకుడు కోరుకుంటే అదే గ్రంథాన్ని, అదే పుటను తెరిచి సరిచూసుకోగలగాలి. మూడవది పరిశోధకుని సొంత వాదాన్ని వేరుచేసి చూపడం: పూర్వులు చెప్పినది ఎంతవరకు, తాను కొత్తగా చేర్చినది ఎంతవరకు అన్నది దీనివల్లనే తేలుతుంది. ఈ మూడింటిలో రెండవదే పద్ధతిని నిర్ణయిస్తుంది. పాఠకుణ్ణి మూలం దగ్గరికి చేర్చగలిగిన సూచన సరైన సూచన; చేర్చలేనిది ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

దీనికి చట్టబద్ధమైన కోణం కూడా ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2018లో విద్యావిషయక నిజాయితీ, గ్రంథచౌర్య నివారణకు సంబంధించిన నిబంధనలను ప్రకటించింది. వీటి ప్రకారం సిద్ధాంతగ్రంథంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 శాతం దాటి 40 శాతం వరకు ఉంటే, ఆరు నెలలకు మించని నిర్ణీత గడువులో సవరించి తిరిగి సమర్పించాలి. 40 దాటి 60 శాతం వరకు ఉంటే సవరించిన ప్రతిని ఏడాదిపాటు సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే పరిశోధక నమోదే రద్దవుతుంది. తన పర్యవేక్షణలో జరిగిన పరిశోధనలో గ్రంథచౌర్యం లేదని పర్యవేక్షకుడు కూడా ధ్రువపత్రం ఇవ్వాలి. కాబట్టి ఇది విద్యార్థికి మాత్రమే పరిమితమైన బాధ్యత కాదు.

ఈ నిబంధనల్లో పరిశోధకులు తరచు గమనించని అంశం ఒకటుంది. తగిన అనుమతితో గాని, మూలాన్ని పేర్కొని గాని ఉటంకించిన భాగాలను పోలిక లెక్కలోకి తీసుకోరు. గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు కూడా ఆ లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల వరకు కాకతాళీయంగా కలిసే సామాన్య పదబంధాలకూ మినహాయింపు ఉంది. అంటే సక్రమంగా ఉటంకించిన వానికి ఈ నిబంధనల వల్ల భయం లేదు.

మరొక మాట. పాత తెలుగు పుస్తకాలు అంతర్జాలంలో ఎక్కువగా చిత్రరూపంలోని పి.డి.ఎఫ్.లుగా ఉన్నాయి. వాటిలోని అక్షరాలను యంత్రం పాఠంగా చదవలేనప్పుడు, అక్కడి నుంచి ఎత్తి రాసిన పేరాను పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. యంత్రానికి దొరకలేదు కాబట్టి చౌర్యం కాదనుకోవడం ఆత్మవంచన. ఆ విషయం తెలిసిన పాఠకుడు ఎప్పుడో ఒకప్పుడు ఆ పుట తెరుస్తాడు.

3. శైలులు అనేకం, సూత్రం ఒకటి:

మానవీయ శాస్త్రాలలో ప్రధానంగా మూడు శైలులు వాడుకలో ఉన్నాయి. సాహిత్య పరిశోధనల్లో ఎం.ఎల్.ఏ. శైలి ఎక్కువ, దీని తొమ్మిదవ ముద్రణ 2021లో వెలువడింది. విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటి సామాజిక శాస్త్రాలలో ఏ.పి.ఏ. శైలి వాడతారు. చరిత్ర పరిశోధకులు పాదసూచికలతో కూడిన షికాగో శైలిని ఇష్టపడతారు. ఎం.ఎల్.ఏ.లో వాక్యం చివర కుండలీకరణాలలో రచయిత పేరు, పుటసంఖ్య ఉంటాయి. ఏ.పి.ఏ.లో రచయిత పేరు వెంటనే సంవత్సరం వస్తుంది. షికాగో పాదసూచిక పద్ధతిలో వాక్యం చివర ఒక అంకె వేసి, వివరాలన్నీ పుట అడుగున ఇస్తారు.

వీటిలో ఏది మేలు అన్న చర్చ అనవసరం. విశ్వవిద్యాలయం గాని, పత్రిక గాని కోరిన శైలిని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే తీరుగా పాటించడం ముఖ్యం. ఏ శైలిలోనైనా సమాధానం చెప్పవలసిన ప్రశ్నలు అవే: ఎవరు రాశారు? దేని పేరేమిటి? ఎందులో భాగంగా వచ్చింది? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ప్రచురించారు? ఏ పుటలో ఉంది?

తెలుగు సిద్ధాంతగ్రంథాలలో పాదసూచికల కింద 'పైదే' అని రాసే అలవాటు ఉంది. చేతిరాత ప్రతుల కాలంలో అది శ్రమను తగ్గించేది. కంప్యూటర్‌లో రాసేటప్పుడు మధ్యలో కొత్త పాదసూచిక ఒకటి చేరితే దాని కింద ఉన్న 'పైదే' మరొక గ్రంథాన్ని చూపిస్తుంది. రాసినవారికి కూడా ఆ సంగతి తెలియదు. అందువల్ల 'పైదే'కు బదులు రచయిత పేరు, సంక్షిప్త గ్రంథనామం, పుట రాయడం క్షేమకరం.

4. ముద్రిత ఆకరాలు:

4.1 రచయిత పేరు:

ఆంగ్ల శైలులు ఇంటిపేరును ముందుకు తెచ్చి, కామా పెట్టి, అసలు పేరు రాయమంటాయి. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి ఆ నియమం ఏర్పడింది. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది. 'గురజాడ అప్పారావు' అన్నప్పుడు మార్చవలసినది ఏమీ లేదు. నియమాన్ని యాంత్రికంగా పాటించి 'అప్పారావు, గురజాడ' అని కొన్నిచోట్ల, 'గురజాడ అప్పారావు' అని మరికొన్నిచోట్ల రాస్తే ఒకే రచయిత సూచిలో రెండు చోట్ల కనిపిస్తాడు.

కలంపేర్లతో ఈ చిక్కు మరింత పెరుగుతుంది. చేకూరి రామారావు 'చేరా'గా ప్రసిద్ధులు. రాచమల్లు రామచంద్రారెడ్డి 'రా.రా.'గా ప్రసిద్ధులు. పుస్తకం ముఖపత్రంపై ఏ పేరుంటే దానినే సూచిలో ఇవ్వాలి. ఒకే రచయిత వేర్వేరు పుస్తకాలలో వేర్వేరు పేర్లతో కనిపిస్తే ప్రధానమైన ఒక పేరు కింద అన్నింటినీ చేర్చి, రెండవ పేరు దగ్గర 'చూ.' అని మొదటి పేరుకు దారి చూపాలి. ఇంటిపేరు పూర్తిగా తెలియక పొడి అక్షరాలే ఉన్నప్పుడు 'సుబ్రహ్మణ్యం, జి.వి.' అని పేరును ముందుంచడమే వాడుక. డాక్టర్, ఆచార్య, శ్రీ వంటి గౌరవవాచకాలు సూచిలో అవసరం లేదు. వాటిని ఉంచితే అకారాదిక్రమం చెడిపోయి సగం మంది ఆచార్యులు 'ఆ' కింద చేరుతారు.

4.2 ముద్రణ, సంవత్సరం:

తెలుగు పరిశోధనలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ముద్రణ విషయంలో. 'కన్యాశుల్కం' ఇందుకు మంచి ఉదాహరణ. ఈ నాటకం తొలికూర్పు 1897లో వెలువడింది. గురజాడ దానిని ఎంతగానో పెంచి, మార్చి రాసిన మలికూర్పు 1909లో వచ్చింది. ఈ రెండింటి మధ్య పాత్రచిత్రణలోనూ, సంభాషణల్లోనూ చాలా తేడా ఉంది. ఏ కూర్పో చెప్పకుండా 'కన్యాశుల్కం, పు. 60' అని రాస్తే పాఠకునికి ప్రయోజనం లేదు. పైగా 1909 నాటి మాటను 1897 నాటి గురజాడ ఆలోచనగా వ్యాఖ్యానించే ప్రమాదం ఉంది.

రెండవ సమస్య పునర్ముద్రణలది. 'మహాప్రస్థానం' పుస్తకరూపంలో వచ్చింది 1950లో. అందులోని గేతాలలో చాలావరకు 1930లలో రాసినవి. పరిశోధకుని చేతిలో ఉన్నది ఇటీవలి ముద్రణ కావచ్చు. సూచిలో ఇటీవలి సంవత్సరం ఒక్కటే ఇస్తే కాలక్రమం తెలియని పాఠకుడు పొరబడతాడు. తొలి ముద్రణ సంవత్సరం ఒక్కటే ఇస్తే పుటసంఖ్య సరిపోదు. కాబట్టి తాను చూసిన ముద్రణ సంవత్సరాన్ని ఇచ్చి, 'తొలి ముద్రణ 1950' అని చేర్చడం సరైన పద్ధతి. ఆరుద్ర 'సమగ్రాంధ్ర సాహిత్యం' తొలుత పన్నెండు సంపుటాలుగా వచ్చి, తరువాత వేరే సంపుట విభజనతో పునర్ముద్రణ పొందింది. ఇటువంటి గ్రంథానికి సంపుటసంఖ్య ఇచ్చినా చాలదు. ప్రచురణకర్త, సంవత్సరం కూడా ఉండాలి.

4.3 సంపాదిత గ్రంథాలు:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1974లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన 'తెలుగు భాషా చరిత్ర'లోని అధ్యాయాలను వేర్వేరు భాషాశాస్త్రవేత్తలు రాశారు. అయినా ఆ పుస్తకంలోని ప్రతి మాటనూ సంపాదకునికే ఆపాదించడం సిద్ధాంతగ్రంథాలలో తరచు చూస్తాం. ఇది అసలు రచయితకు అన్యాయం. సూచిలో మొదట అధ్యాయం రాసినవారి పేరు, తరువాత ఉటంకింపు గుర్తులలో అధ్యాయం పేరు, ఆ తరువాత గ్రంథనామం, 'సంపా. భద్రిరాజు కృష్ణమూర్తి', ప్రచురణ వివరాలు, ఆ అధ్యాయం ఉన్న పుటలు మొదటి నుంచి చివరి వరకు ఇవ్వాలి. అనువాదాలకు 'అను.' అని అనువాదకుని పేరు తప్పనిసరి. అనువాదంలోని వాక్యశైలిని చర్చిస్తూ అనువాదకుని పేరు విడిచిపెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

4.4 ప్రాచీన కావ్యాలు, తాళపత్రాలు, శాసనాలు:

కావ్యపద్యాలకు పుటసంఖ్య కంటే పర్వం లేదా స్కంధం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇవ్వడం సంప్రదాయం. 'ఆది. 2-45' అంటే ఆదిపర్వం, ద్వితీయాశ్వాసం, 45వ పద్యం. ఏ ముద్రణ చేతిలో ఉన్నా వెతకడానికి వీలుగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి ఉత్తమం. అయితే పాఠాంతరాల వల్ల, వచనాలను లెక్కించే తీరు వల్ల, ప్రక్షిప్తాలని భావించిన వాటిని తొలగించడం వల్ల వావిళ్లవారి ప్రతికీ, సంశోధిత ముద్రణలకూ మధ్య పద్యసంఖ్యలు మారుతుంటాయి. ఏ ముద్రణను అనుసరించారో మొదటి ఉటంకింపు దగ్గర ఒకసారి చెప్పితే చాలు.

తాళపత్ర ప్రతులకు భాండాగారం పేరు, ప్రతిసంఖ్య, పత్రసంఖ్య ఇవ్వాలి. తాటాకుకు ఒక్కొక్క పత్రానికి ఒకే సంఖ్య ఉండి రెండువైపులా రాత ఉంటుంది కాబట్టి ముందువైపా, వెనుకవైపా అన్నది కూడా పేర్కొనాలి. శాసనాలకు సంపుటసంఖ్య, శాసనసంఖ్య ముఖ్యం. 'దక్షిణ భారత శాసనాలు' సంపుటాలలో పుటసంఖ్య కంటే శాసనసంఖ్యతోనే వెతకడం సులభం. శాసనం దొరికిన ఊరు, శకసంవత్సరం చేరిస్తే పాఠకునికి మరింత ఉపయోగం.

4.5 పత్రికలు, తెలుగు సంవత్సరాలు:

పత్రికావ్యాసానికి రచయిత, వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటి, సంచిక, నెల, సంవత్సరం, పుటలు ఇవ్వాలి. 1924లో ప్రారంభమైన 'భారతి' వంటి పత్రికల సంచికలనూ, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలనూ తెలుగు సంవత్సరాల పేర్లతో సూచించడం మన పాత పరిశోధకుల అలవాటు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు తిరిగి వస్తాయి. 'ప్రభవ' అంటే 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. అదీగాక తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి రెండు ఆంగ్ల సంవత్సరాలలో వ్యాపిస్తుంది. 'రక్తాక్షి' అంటే 1924 అని వెంటనే రాయకూడదు. మాఘ, ఫాల్గుణాల సంచిక అయితే 1925లోకి వస్తుంది. సంచికపై ఉన్న తెలుగు సంవత్సరాన్ని, మాసాన్ని యథాతథంగా ఇచ్చి, పక్కన ఆంగ్ల నెల, సంవత్సరం ఇవ్వడం మేలు.

దినపత్రికలకు తేదీతోపాటు ప్రచురణకేంద్రం కూడా ఇవ్వాలి. ఒకే తేదీన హైదరాబాదులో వచ్చిన వార్త విశాఖపట్నం ప్రతిలో లేకపోవచ్చు; జిల్లా పుటలయితే పూర్తిగా వేరు.

5. అంతర్జాల ఆకరాలు:

5.1 స్కాన్ ప్రతులు:

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలాది తెలుగు పుస్తకాలను చిత్రరూపంలో భద్రపరిచారు. వాటిలో అనేకం ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. ఒకప్పటి ప్రెస్ అకాడమీ కృషి వల్ల పాత పత్రికలు కూడా అందుబాటులోకి వచ్చాయి. ఇటువంటి ప్రతిని చూసినప్పుడు మూడు నియమాలు పాటించాలి. ఒకటి, అది పుస్తకమే. కాబట్టి ముందు ముద్రిత గ్రంథవివరాలన్నీ ఇచ్చి, చివర ఏ జాలస్థలిలో చూశారో చెప్పాలి. రెండు, ఆ జాలస్థలిలో ఇచ్చిన పేరును, సంవత్సరాన్ని నమ్మకూడదు. రోమన్ లిపిలో నమోదు చేసిన ఆ వివరాలలో పేర్లు తప్పుగా ఉండటం, రచయిత స్థానంలో సంపాదకుని పేరుండటం తరచు కనిపిస్తుంది. స్కాన్‌లోని ముఖపత్రం తెరిచి అక్కడ ఉన్నదే రాయాలి. మూడు, తెరపై కనిపించే పుటసంఖ్య వేరు, పుస్తకంపై అచ్చయిన పుటసంఖ్య వేరు. అట్ట, ముఖపత్రం, పీఠిక కలుపుకొని తెరపై లెక్క మొదలవుతుంది. ఎల్లప్పుడూ అచ్చయిన పుటసంఖ్యనే ఇవ్వాలి.

5.2 ఈ-పత్రికలు, సిద్ధాంతగ్రంథాలు:

అంతర్జాలంలోనే వెలువడే పరిశోధన పత్రికలకు కూడా సంపుటి, సంచిక, నెల, సంవత్సరం ఉంటాయి. పుటసంఖ్యలు లేకపోతే ఉపశీర్షిక గాని, పేరాసంఖ్య గాని ఇవ్వాలి. వ్యాసానికి డి.ఓ.ఐ. ఉంటే మామూలు లింకు కంటే దానికే ప్రాధాన్యం. '10'తో మొదలయ్యే ఈ సంకేతం ఆ వ్యాసానికి శాశ్వత గుర్తింపు. పత్రిక జాలస్థలి మారినా, ప్రచురణకర్త కొత్త చిరునామాను నమోదు చేసినంతకాలం అదే సంకేతం పాఠకుణ్ణి కొత్త చోటికి చేరుస్తుంది. 1998 నుంచి వెలువడుతున్న 'ఈమాట' వంటి జాలపత్రికల రచనలను కూడా ఇదే క్రమంలో, రచన వచ్చిన నెల, సంవత్సరంతో సూచించవచ్చు.

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధ్‌గంగలో సిద్ధాంతగ్రంథాలు అధ్యాయాలవారీగా వేర్వేరు దస్త్రాలుగా ఉంటాయి. ఒక అధ్యాయం దస్త్రం లింకు మాత్రమే ఇవ్వకుండా పరిశోధకుని పేరు, సిద్ధాంతగ్రంథం పేరు, విశ్వవిద్యాలయం, సమర్పించిన సంవత్సరం, గ్రంథంలోని పుట ఇవ్వాలి. 'శోధ్‌గంగ' అన్నది భాండాగారం పేరు మాత్రమే. అది రచయిత కాదు, ప్రచురణకర్త కాదు.

5.3 నిఘంటువులు, వికీపీడియా, వీడియోలు:

'ఆంధ్రభారతి'లో ఒక పదానికి అర్థం వెతికితే అనేక నిఘంటువుల నుంచి ఫలితాలు ఒకేచోట కనిపిస్తాయి. 'ఆంధ్రభారతి ప్రకారం' అని రాయడం సరికాదు. అర్థం చెప్పినది శబ్దరత్నాకరమా, బ్రౌన్ నిఘంటువా అన్నది చెప్పాలి. 1852 నాటి బ్రౌన్ కూర్పుకూ, 1903లో సవరించి వేసిన ముద్రణకూ తేడా ఉందన్న సంగతి పదచరిత్ర పరిశోధకులు మరువరాదు.

తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. విషయం పరిచయానికి, మూలాల జాడ తెలుసుకోవడానికి అది ఉపకరిస్తుంది. ఆ వ్యాసం అడుగున ఉన్న మూలాలను తెరిచి చదివి, వాటినే ఉటంకించాలి. వికీపీడియానే పరిశోధన విషయమైనప్పుడు మాత్రం వ్యాసం ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి తాను చూసిన కూర్పు తేదీని, ఆ కూర్పుకున్న స్థిరలింకును ఇవ్వాలి. ప్రసంగాల వీడియోలకు వక్త పేరు, ప్రసంగశీర్షిక, ప్రసారం చేసిన వాహిని, తేదీ, ఉటంకించిన మాట వినిపించే నిమిషం, సెకను ఇస్తే పాఠకుడు గంటసేపు వెతికే అవసరం ఉండదు.

5.4 చెరిగిపోయే లింకులు:

ముద్రిత గ్రంథానికీ, జాలపుటకూ ప్రధానభేదం స్థిరత్వం. పదేళ్ల కిందటి సిద్ధాంతగ్రంథాలలో ఇచ్చిన డిజిటల్ లైబ్రరీ చిరునామాలు చాలావరకు నేడు తెరుచుకోవు. అందువల్ల జాలపుటను చూసిన తేదీని తప్పక ఇవ్వాలి. ముఖ్యమైన పుట అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషిన్‌లో ఆ పుటను భద్రపరిచి, ఆ లింకును కూడా చేర్చవచ్చు. వెతుకుడు యంత్రం పేరును ఆకరంగా రాయడం, జాలస్థలి మొదటి పుట చిరునామా మాత్రమే ఇవ్వడం – ఈ రెండూ గ్రంథాలయం పేరు చెప్పి పుస్తకం పేరు దాచడం వంటివి.

5.5 కృత్రిమమేధ ఇచ్చే ఆకరాలు:

చాట్‌జీపీటీ వంటి సాధనాలను అడిగితే రచయిత పేరు, గ్రంథనామం, సంవత్సరం, పుటతో సహా నమ్మదగినట్లు కనిపించే సూచనలు ఇస్తాయి. వాటిలో అసలు లేని గ్రంథాలు కూడా ఉంటాయి. తెలుగు గ్రంథాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ సాధనం చూపిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని గాని, స్కాన్ ప్రతి తెరిచి గాని చూడనంతవరకు సూచిలో చేర్చకూడదు. సాధనాన్ని ఏ పనికి వాడుకున్నారో సంస్థ నియమాల ప్రకారం వ్యాసంలో చెప్పాలి.

6. ఇతరుల ద్వారా అందిన ఆకరం:

మూలగ్రంథం దొరకని సందర్భాలుంటాయి. అప్పుడు పరిశోధకుని ముందున్న నిజాయితీ గల మార్గం ఒక్కటే: మూలరచయిత పేరు చెప్పి, 'ఫలానా గ్రంథంలో ఉటంకితం, పు. ...' అని తాను నిజంగా చూసిన పుస్తకాన్ని సూచించడం. గ్రంథసూచిలో కూడా తాను చూసిన పుస్తకమే ఉండాలి. ఇది చిన్నతనం కాదు. నా సిద్ధాంతగ్రంథంలో నేను ఈ నాలుగు మాటలు చేర్చి ఉంటే తప్పు జరిగిన చోటు పరీక్షకులకు వెంటనే తెలిసేది. నేను చూడని పుస్తకాన్ని చూసినట్లు చెప్పిన దోషం నాకు అంటేది కాదు.

ఉటంకింపు ముందు, వెనుక ఉన్న ఒక్కొక్క పుటైనా చదవడం మరొక అవసరం. మన విమర్శ సంప్రదాయంలో పూర్వపక్షాన్ని బలంగా ప్రతిపాదించి, తరువాత సిద్ధాంతం చేయడం సాధారణం. ఒక్క వాక్యాన్ని విడదీసి తీసుకుంటే అది ఎవరి పక్షమో తెలియదు.

7. గ్రంథసూచిలో అకారాదిక్రమం:

కంప్యూటర్ చేత సూచిని వరుసపరిస్తే అది యూనికోడ్ సంకేతాల క్రమాన్ని అనుసరించే అవకాశం ఎక్కువ. ఆ క్రమంలో 'ఱ' అక్షరం 'ర' పక్కన, 'ళ' అక్షరం 'ల' పక్కన ఉంటాయి. 'క్ష' ప్రత్యేకాక్షరంగా కాక 'క' కిందికి చేరుతుంది. మన వర్ణమాలలో ఇవి చివర వస్తాయి. ఏ క్రమం పాటించినా సూచి అంతటా ఒకటే ఉండాలి. తెలుగు, ఆంగ్ల, సంస్కృత గ్రంథాలను వేర్వేరు విభాగాలుగా ఇవ్వడం సౌకర్యం. పాత ఫాంట్లలో టైపు చేసిన సూచిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు, అంకెలు తారుమారవుతాయి. మార్చిన తరువాత ప్రతి సంవత్సరాన్నీ, పుటసంఖ్యనూ తిరిగి సరిచూడాలి.

8. ముగింపు:

ఆకరాల సూచన పరిశోధన చివరి నెలలో చేసే పని కాదు; మొదటి పుస్తకం తెరిచిన రోజున మొదలయ్యే పని. పుస్తకం తెరవగానే ముఖపత్రం వెనుక ఉన్న ప్రచురణ వివరాలను రాసుకోవడం లేదా ఫోటో తీసుకోవడం, ఎత్తి రాసుకున్న వాక్యానికి వెంటనే ఉటంకింపు గుర్తులు, పుటసంఖ్య చేర్చడం, సొంత మాటలలో రాసుకున్న సారాంశాన్ని వేరే గుర్తుతో చూపడం, జాలపుట చూసిన తేదీని నమోదు చేసుకోవడం – ఈ నాలుగు అలవాట్లు ఉంటే శైలీ నియమాలను అన్వయించడం కష్టం కాదు. సారాంశంగా రాసినా మూలం చెప్పవలసిందేనన్నది గుర్తుంచుకోవాలి. మాటలు మార్చినంత మాత్రాన భావం మనదైపోదు.

పర్యవేక్షకులు, అధ్యాపకులు చేయదగిన పని కూడా ఉంది. విద్యార్థి సమర్పించిన అధ్యాయంలో ఏవైనా ఐదు పాదసూచికలను ఎంచుకొని, ఆ మూలాలను తెచ్చి చూపమనాలి. నాకు మౌఖిక పరీక్షలో ఎదురైన ప్రశ్న మొదటి అధ్యాయం దగ్గరే ఎదురై ఉంటే ఎంత మేలు జరిగేదో ఇప్పుడు నా విద్యార్థులకు చెబుతుంటాను. వారి అధ్యాయాలు చదివేటప్పుడు ముందుగా పాదసూచికలు చూడటం నాకు అలవాటైంది. సరిచూసిన ఒక్కొక్క సూచన తరువాతి పరిశోధకునికి నమ్మదగిన మెట్టు అవుతుంది. సరిచూడని సూచన ఆ తరువాత వచ్చే వారందరినీ పక్కదారి పట్టిస్తుంది.